పోలికను తెలుపు ఆంగ్ల పదములు: సంతకమునకు ముందు తెలిసికొనవలసిన భేదములు

పంచాయతీ కార్యాలయమునకు వచ్చు టెండరు ప్రకటనలు, ఒప్పంద పత్రములు, నీటి పరీక్షా నివేదికలు నేటికిని పెక్కు ఆంగ్లముననే ఉండును. పటాన్‌చెరు నుండి సంగారెడ్డి వరకు ముంబయి రహదారి వెంబడి కర్మాగారములు వెలసిన రుద్రారం పరిసర గ్రామములలో ఇట్టి కాగితముల రాకపోకలు మరింత ఎక్కువ. ఆ కాగితములలో పోలికను, సమానత్వమును, ఏకీభావమును తెలుపు పదములు కొన్ని గలవు. అవి పైకి ఒకే అర్థము గలవానివలె తోచును గాని ఒక్కొక్కదాని పరిమితి వేరు. ఆ భేదము తెలియనిచో గ్రామనిధికి, కూలివారికి, త్రాగునీటికి కూడ నష్టము కలుగును.

మొదటి పదము 'సేమ్'. అనగా అదే, వేరొకటి కాదు. తెలంగాణలో రుద్రారం అను గ్రామములు ఒకటికంటె ఎక్కువ గలవు. వాని పేరు 'సేమ్', గ్రామము 'సేమ్' కాదు. కావుననే దస్తావేజులో గ్రామనామముతోపాటు మండలము, జిల్లా, సర్వే నంబరు వ్రాయవలెను.

'సిమిలర్' అనగా వంటిది, పోలినది. కొన్ని గుణములలో కలియును, కొన్నిటిలో కలియదు. 'ఐడెంటికల్' అనగా ఏ గుణములోను భేదము లేనిది. 'ఈక్వల్' అనగా కొలతలోగాని, విలువలోగాని, హక్కులోగాని సమానము. రాజ్యాంగము 14వ అధికరణము చట్టము ఎదుట అందరును సమానులనుచున్నది. మనుష్యులందరు ఒకే రీతిగా ఉందురని దాని భావము కాదు. భేదములున్నను చట్టము ఎదుట తక్కువ ఎక్కువలు లేవని భావము.

ఈ పదములు కూలి విషయమున ఎట్లు పనిచేయునో చూడుడు. 1976 నాటి సమాన వేతన చట్టము 'సేమ్' పనికి మాత్రమే గాక 'సిమిలర్' స్వభావము గల పనికి కూడ స్త్రీపురుషులకు సమాన వేతనము ఈయవలెనని శాసించెను. ఆ చట్టము స్థానమున 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన 2019 నాటి వేతన స్మృతియు ఈ మాటలనే నిలుపుకొన్నది. పురుషుడు సంచులు మోయుచు, స్త్రీ వానిని నింపి కుట్టుచు ఉన్నచో పని 'సేమ్' కాదు. అంతమాత్రమున వాదము ముగియదు. కావలసిన నేర్పు, శ్రమ, బాధ్యత సమానమేనా, భేదమున్నచో అది లెక్కింపదగినంతటిదా అని విచారింపవలెను. 'సిమిలర్' అను ఒక్క పదము కూలి స్త్రీకి ఈ విచారణ ద్వారము తెరచినది.

'ఈక్వివలెంట్' అనగా తుల్యము, బదులుగా అదే ప్రయోజనమును నెరవేర్చునది. టెండరులో ఒక సరకు పేరు వ్రాసి 'లేక ఈక్వివలెంట్' అని చేర్చుట కలదు. ఒకే వ్యాసము గల ప్లాస్టిక్ నీటి గొట్టములు రెండు చూడుడు. ఒకటి 4 కిలోల ఒత్తిడికి, రెండవది 6 కిలోల ఒత్తిడికి తయారైనది. బయటి కొలత ఒకటే, రంగు ఒకటే. గోడ మందము వేరు. అవి 'సిమిలర్' మాత్రమే. 6 కిలోల గొట్టము కావలసినచోట 4 కిలోల గొట్టము 'ఈక్వివలెంట్' కానేరదు. గొట్టముపై ముద్రించిన ఒత్తిడి తరగతిని చదివిన పిమ్మటనే సరకు స్వీకరింపవలెను.

తరువాతి జంట చెవికి ఇంచుమించు ఒకటిగా వినబడును. 'కన్ఫర్మ్' అనగా ధ్రువపరచుట. గత సమావేశపు తీర్మానములను సభ ధ్రువపరచును. 'కన్ఫార్మ్' అనగా ప్రమాణమునకు అనుగుణముగా ఉండుట. ఇది నీటి నివేదికలో కనబడును. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలములను గూర్చి 1990లో సుప్రీంకోర్టుకు వ్యాజ్యము వెళ్లిన ఈ ప్రాంతమున ఆ మాటను తేలికగా విడువరాదు. త్రాగునీటి ప్రమాణము ఐ.ఎస్. 10500 ప్రకారము కరగిన ఘనపదార్థములు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు అంగీకారయోగ్యము. వేరు నీటి ఆధారము లేనప్పుడు మాత్రమే 2000 వరకు అనుమతి. ఏ హద్దునకు అనుగుణమో నివేదికలో చూడవలెను.

ఇక 'ఎగ్రీ'. మనుష్యులు 'ఎగ్రీ' అయిన సమ్మతి. అది పత్రముపై వ్రాసిన 'ఎగ్రిమెంట్'. అంకెలు 'ఎగ్రీ' అయిన లెక్క సరిపోవుట. దీనినే 'ట్యాలీ' అందుము. నగదు పుస్తకములోని నిలువ, బ్యాంకు పుస్తకములోని నిలువ సరిపోలకున్నచో సభ్యులందరు సమ్మతించినను లెక్క సరికాదు.

ఈ పదములన్నిటికి తాళపుచెవి ఒకే ప్రశ్న: 'దేనిలో?' దేనిలో సమానము? దేనిలో పోలిక? ఏ ప్రమాణమునకు అనుగుణము? ఇట్లు అడుగుటకు ఆంగ్ల పాండిత్యము అక్కరలేదు. సభలో కాగితము చదివినప్పుడు ఈ ప్రశ్న వేసి, సమాధానమును తెలుగులో తీర్మాన పుస్తకమున వ్రాయించి, పిదప సంతకము చేయుట ప్రతి సభ్యుని విధి.