‘బాగానే ఉంటుంది’ అంటే ఏం చెప్పినట్టు?

రాయ్‌పూర్‌కు బదిలీ మీద వచ్చే తెలుగు కుటుంబం మొదటి వారంలో మూడు సంగతులు అడుగుతుంది. అద్దె ఇల్లు ఎక్కడ దొరుకుతుంది, పిల్లల్ని ఏ బడిలో వేయాలి, సామాను విప్పేదాకా భోజనం ఎక్కడ? మొదటి రెంటికీ మనవాళ్లు చక్కగా జవాబు చెబుతారు. ఏ సెక్టారులో నీళ్లు ఎన్నింటికి వస్తాయో, అడ్వాన్సు ఎన్ని నెలలో, బడి బస్సు ఏ మలుపులో ఆగుతుందో అన్నీ. మూడోదానికి వచ్చేసరికి మాత్రం "ఫలానా చోట బాగానే ఉంటుంది" అనేసి ఊరుకుంటారు. లేదంటే "అబ్బే, అక్కడికి వెళ్లకండి" అంటారు. ఈ రెండు మాటలతో కొత్తవాళ్లు చేసుకోగలిగింది ఏమీ లేదు.

మేం దేవేంద్ర నగర్‌లో ఉంటున్నాం. మా ఆయన శాఖలో అప్పుల విభాగం చూస్తారు. కొత్తగా చేరిన వాళ్ల ఇంటి ఆడవాళ్లు ముందుగా నాకే ఫోన్ చేస్తుంటారు. "అక్కా, మామయ్యగారికి షుగరు, పిల్లాడికి కారం పడదు, ఎక్కడ తినమంటారు?" అని ఒకావిడ అడిగింది. అలా అడిగినవాళ్లకు ‘బాగానే ఉంటుంది’ అని చెప్పడం జవాబు ఎగ్గొట్టడమే. తిన్న తిండి గురించి పనికొచ్చేలా, నిజంగా చెప్పడం ఎలాగో నాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి. దేవేంద్ర నగర్ సెక్టార్లుగా వేసిన కాలనీ. పక్కనే పండ్రీ బట్టల మార్కెట్టు. పొద్దున్న పోహా జిలేబీ, సమోసా బళ్లు, మధ్యాహ్నం థాలీ, సాయంత్రం దోసె బళ్లు, రాత్రి పంజాబీ తందూరు. తెలుగువాళ్లకు ఈ ఊరు కొత్తదేమీ కాదు. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్‌కు రైలుమార్గం 1931లో పూర్తయింది. 1959లో భిలాయి ఉక్కు కర్మాగారం మొదలయ్యాక ఆ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలూ చాలా ఉన్నాయి. అంచేత ‘సౌత్ ఇండియన్’ బోర్డు ఇక్కడ ఎవరికీ వింత కాదు. కాకపోతే ఆ బోర్డు కింద దొరికేది మన ఊరి తిండి అనుకుని వెళ్లడంతోనే తంటా మొదలవుతుంది.

సాంబారు తీపిగా ఉందని మనవాళ్లందరూ అంటారు. నిజమే, నాకూ తీపిగానే అనిపించింది. కానీ ఆ బండి దగ్గర నిలబడి తినే పదిమందిలో తొమ్మిదిమంది ఈ ఊరివాళ్లు. వాళ్లకు ఆ తీపే రుచి. వంటవాడు తనకు తెలిసి, తన గిరాకీ కోసం వేసిన బెల్లం తప్పు ఎలా అవుతుంది? "సాంబారు చెడ్డది" అనకూడదు. "సాంబారులో బెల్లం వేస్తారు, మనకు తీపనిపిస్తుంది" అనాలి. మొదటి మాట విన్నావిడ ఆ బండి మానేస్తుంది. రెండో మాట విన్నావిడ చట్నీతో తిని వస్తుంది, తీపి ఇష్టమైన పిల్లాడుంటే సంతోషంగా వెళ్తుంది. నోటి అలవాటు వేరు, వంటింటి లోపం వేరు. పప్పు ఉడక్కపోవడం, నూనె కాగి కాగి కమురు వాసన రావడం, ప్లేటు జిడ్డుగా ఉండటం, ఇవి లోపాలు. వీటిని తెలుగువాళ్లయినా ఛత్తీస్‌గఢ్‌వాళ్లయినా లోపాలనే అంటారు.

ఛత్తీస్‌గఢ్ తిండి విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. చీలా తిని "దోసె సరిగా పులవలేదు" అన్నవాళ్లను విన్నాను. చీలా దోసె కాదు. బియ్యప్పిండిని నీళ్లలో కలిపి అప్పటికప్పుడు పోసే అట్టు, టమాటా చట్నీతో తింటారు. పులవకపోవడమే దాని పద్ధతి. ఫరా అంటే బియ్యప్పిండిని వేళ్లంత పొడుగ్గా చేసి ఆవిరి మీద ఉడికించి, ఆవాలు, నువ్వులు, మిరపకాయలతో తిరగమోత పెట్టినది. వినాయక చవితి ఉండ్రాళ్లు తిన్న నోటికి ఇది పరాయి వంట కాదు. ఐరసా తింటే మన అరిసెకు చుట్టమని పేరులోనే తెలిసిపోతుంది, అందులోనూ బియ్యప్పిండి, బెల్లమే. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున్న ఉల్లిపాయ, మిరపకాయతో తినే బోరే బాసీ మన చద్దన్నానికి అన్నదమ్ముడు. 2022 మే 1న కార్మిక దినోత్సవం నాడు ఈ రాష్ట్ర ప్రభుత్వమే అందర్నీ బోరే బాసీ తినమని పిలుపునిచ్చింది. ఈ వంటలన్నీ ఒకచోట రుచి చూడాలంటే మహంత్ ఘాసీదాస్ మ్యూజియం ఆవరణలో 2016లో మొదలైన గఢ్ కలేవా ఉంది. స్వయం సహాయక బృందం మహిళలు వండి పెట్టేలా ఏర్పాటు చేశారు. అసలు వంట ఎలా ఉండాలో ఒకసారి చూసి వస్తే, తర్వాత కాలనీలో తిన్న చీలా మీద మాట్లాడే హక్కు వస్తుంది. నా లెక్క అది.

ఇక చెప్పే తీరు. ఏం తిన్నాం, ఏ వేళకు తిన్నాం, ఎంతయింది, ఎన్నిసార్లు వెళ్లాం? ఈ నాలుగూ లేకుండా చెప్పిన అభిప్రాయం తేదీ లేని చెక్కులాంటిది. వేళ సంగతి చాలామంది వదిలేస్తారు, అసలు గుట్టంతా అక్కడే ఉంది. రాయ్‌పూర్ మే నెల ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. ఒక బండి దగ్గర సాయంత్రం ఏడింటికి కొబ్బరి చట్నీ పులిసింది. డబ్బులిస్తూ బండాయనకు మెల్లగా చెప్పాను. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. "పొద్దున రుబ్బింది దీదీ, సాయంత్రం వస్తే టమాటా చట్నీ అడగండి" అన్నాడు. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి వెళ్తే అదే చట్నీ, అదే చేయి, దివ్యంగా ఉంది. ఒక్క సాయంత్రంతో తీర్పు చెప్పి ఉంటే ఆ బండికి అన్యాయం జరిగేది. పొద్దుటి మాటే చెప్పి ఊరుకుంటే సాయంత్రం వెళ్లేవాళ్లకు అన్యాయం. రెండూ చెప్పాలి.

పెద్దవాళ్లూ ఇలాగే చేశారు. న్యూయార్క్ టైమ్స్ పత్రికలో 1957లో ఆహార విభాగం సంపాదకుడైన క్రెయిగ్ క్లైబోర్న్ హోటళ్ల మీద రాయడానికి కొన్ని కట్టుబాట్లు పెట్టాడు. తానెవరో చెప్పకుండా వెళ్లాలి, ఒకటికి మించి సార్లు తినాలి, బిల్లు పత్రికే కట్టాలి. 1900లో టైర్ల కంపెనీ వేసిన చిన్న పుస్తకంగా మొదలై, 1926 నుంచి హోటళ్లకు నక్షత్రాలిస్తున్న మిషెలిన్ గైడు పరీక్షకులు కూడా పేరు చెప్పుకోరు, తిన్నదానికి డబ్బు కడతారు. టైర్లు అమ్ముకునేవాళ్లకు భోజనంతో పనేమిటా అనుకోకండి. జనం భోజనం కోసం దూరం పోతే టైర్లు అరుగుతాయి.

కడుపు నొప్పి విషయంలో మాత్రం ఎంతో జాగ్రత్తగా మాట్లాడాలి. "రాత్రి అక్కడ తిన్నాం, పొద్దున్నకల్లా ఇంటిల్లిపాదికీ వాంతులు" అన్న మాట కాలనీలో మధ్యాహ్నానికల్లా పాకిపోతుంది. మనం ఎప్పుడూ చివర తిన్నదాన్నే అనుమానిస్తాం. స్టాఫిలోకాకస్ విషం వల్ల వచ్చే వాంతులు అరగంట నుంచి 8 గంటల లోపు మొదలవుతాయి. సాల్మొనెల్లా అయితే 6 గంటల నుంచి 6 రోజుల దాకా పట్టవచ్చు. కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ బయటపడటానికి 15 నుంచి 50 రోజులు. అంటే దోషి నిన్న రాత్రి థాలీ కావచ్చు, మొన్నటి పెళ్లి భోజనం కావచ్చు, మన ఇంటి ఫ్రిజ్జు పైన రాత్రంతా ఉన్న అన్నమూ కావచ్చు. అలా బయట ఉండిపోయిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విషం చేస్తుంది. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. ఒకే వంటకం తిన్న వేర్వేరు కుటుంబాలవాళ్లు ఇద్దరు ముగ్గురు ఒకే వేళకు పడకేస్తే అప్పుడు గట్టి అనుమానం. అలాంటప్పుడు ఇరుగుపొరుగుకు చెప్పి ఊరుకోకూడదు, ఆహార భద్రతాధికారికి ఫిర్యాదు చేయాలి.

అంతకన్నా ముందే కళ్లతో చూసి చెప్పగలిగినవి ఉన్నాయి. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ నంబరు 14 అంకెలు, కనబడేలా పెట్టాలి. వేడిగా వడ్డించాల్సినది 60 డిగ్రీలకు తగ్గకుండా, చల్లగా ఉంచాల్సినది 5 డిగ్రీలకు మించకుండా ఉండాలి. థర్మామీటరు పట్టుకుని ఎవరూ వెళ్లరు, కూర మీద ఆవిరి ఉందో లేదో చూస్తే చాలు. బిల్లులో సర్వీసు ఛార్జి తానంతట తానుగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీయమంటే తీయకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. భోజనం గురించి చెప్పేటప్పుడు బిల్లు గురించి కూడా చెప్పండి. అడిగేవాళ్లు నెలజీతం వాళ్లే కదా.

ఇక బ్యాంకు కుటుంబాలకు మాత్రమే ఉన్న చిక్కు. మనం తినే చోట్లలో కొన్ని మన శాఖ ఖాతాదారులవి. ముద్ర కింద 50 వేల లోపు శిశు రుణమో, 5 లక్షల లోపు కిశోర్ రుణమో తీసుకుని గ్రైండరు, ఫ్రిజ్జు కొనుక్కున్నవాళ్లుంటారు. మా ఆయన ఇంట్లో ఎవరి అప్పు సంగతీ ఎత్తరు, నేను అడగను. ఖాతా రహస్యం భార్యకైనా రహస్యమే. ఎప్పుడైనా చూచాయగా తెలిసినా, "పాపం వాడికి కిస్తీలు కష్టంగా ఉన్నాయి, అందుకే నూనె మార్చడం లేదు" లాంటి మాట నోటి వెంట రాకూడదు. తిండి గురించి చెప్పవచ్చు, అప్పు గురించి చెప్పకూడదు. మేనేజరుగారి ఇంటివాళ్లని గుర్తుపట్టి డబ్బు వద్దంటే, బల్ల మీద పెట్టి రావాలి. ఉచితంగా తిన్న దోసె మీద ఏం చెప్పినా ఎవరు నమ్ముతారు? గుర్తుపట్టి ఆ రోజు నెయ్యి ఎక్కువ వేస్తే, అదీ చెప్పాలి: "మమ్మల్ని ఎరుగుదురు, మీకు ఇంత నెయ్యి రాకపోవచ్చు."

మరి మన శాఖ అప్పు ఇచ్చిన హోటలు కాబట్టి మెచ్చుకోవాలా? కొందరు అలాగే అనుకుంటారు, వ్యాపారం సాగితే అప్పు తీరుతుందని. నాకు ఒప్పుదల లేదు. హార్వర్డ్ బిజినెస్ స్కూలు ఆచార్యుడు మైఖేల్ లూకా 2011లో సియాటిల్ నగరం హోటళ్ల మీద చేసిన అధ్యయనంలో, తిన్నవాళ్లు ఇచ్చే నక్షత్రాలు ఒకటి పెరిగితే రాబడి 5 నుంచి 9 శాతం పెరిగిందని తేలింది. ఆ ప్రభావం సొంతంగా నడిపే చిన్న హోటళ్ల మీదే, పేరున్న గొలుసు హోటళ్ల మీద కనబడలేదు. అంటే మన నోటిమాట తగిలేది బండాయనకే, అద్దాల హోటలుకు కాదు. అబద్ధపు మెప్పు విని వెళ్లినవాళ్లు రెండోసారి వెళ్లరు, మన మాట మూడోసారి వినరు. తప్పుడు నింద పడితే కిస్తీ తప్పుతుంది. రెండూ శాఖకు నష్టమే.

చెడు చెప్పాల్సి వస్తే ముందు ఆ యజమానికే చెప్పండి, పక్కబల్ల వాళ్లకు వినబడకుండా. చాలామంది సరిదిద్దుకుంటారు. ఆ తర్వాత నలుగురికీ చెప్పినా, చూసినదే చెప్పండి. "గ్లాసులో ఈగ ఉంది" అన్నది చూసిన మాట. "వంటిల్లంతా ఈగలే" అన్నది ఊహ. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను పరువునష్టం గురించి చెబుతుంది. ప్రజల మేలు కోసం చెప్పిన నిజానికి అందులో మినహాయింపు ఉంది, ఊహకు లేదు.

మా పక్కవీధి వాళ్లం ముగ్గురం కలిసి ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాం. పద్దులు ఇలా ఉంటాయి.

పోహా బండి, మార్కెట్టు వైపు: మూడుసార్లు తిన్నాం. ఏడున్నరలోపు వేడి. తొమ్మిది దాటితే ఎండిపోతుంది, పైన సేవ్ చల్లి ఇస్తాడు. కారం తక్కువ, పిల్లలకు పరవాలేదు. నీళ్లు ఇంటినుంచి తీసుకెళ్లడం మేలు.

థాలీ హోటలు, సెక్టారు మలుపు: రెండు మధ్యాహ్నాలు. పప్పు, ఎర్ర తోటకూర మెత్తగా, కమ్మగా. అన్నం కొంచెం పలుకు, ఇక్కడ అలాగే ఇష్టపడతారు. పెద్దవాళ్లకైతే మెత్తగా కావాలని ముందే చెబితే వేరే గిన్నెలోది ఇస్తారు. రాత్రి మేం తినలేదు.

దోసె బండి, పార్కు దగ్గర: రెండుసార్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. సాంబారులో బెల్లం. షుగరు ఉన్నవాళ్లు సాంబారు వద్దనాలి. కొబ్బరి చట్నీ పొద్దున మాత్రమే.

షుగరున్న మామయ్యగారి కోసం అడిగిన ఆవిడకు ఈ మూడో పద్దు చదివి వినిపించాను.