ముంబైలో ఎక్కడ దిగాలి?

ప్రియమైన చెల్లికి,

నువ్వు పంపిన హోటళ్ల ఫొటోలు చూశాను. గదులన్నీ ముచ్చటగానే ఉన్నాయి. వాటిలో రెండు అంధేరీ ఈస్ట్‌లో, ఒకటి సముద్రపు పాయకు అవతల నవీ ముంబైలో ఉన్నాయని గమనించావా? ముంబైలో ముందు పేట తేల్చుకోవాలి, గది తర్వాత.

ముంబై ఉత్తర దక్షిణాలుగా సన్నగా సాగిన ఊరు. లోకల్ రైలు పట్టాలు దాన్ని నిలువునా చీలుస్తాయి. అందుకే చిరునామాలో ఈస్టా వెస్టా అన్నది తప్పక చూడు. మ్యాప్‌లో కూతవేటు దూరమే కనిపిస్తుంది గానీ, సాయంత్రం రద్దీలో పట్టాలు దాటి అవతలికి వెళ్లేసరికి ఓపిక అయిపోతుంది. అంధేరీ ఈస్ట్‌లోని ఎయిర్‌పోర్టు పక్క హోటళ్లు తెల్లారుజాము విమానం అందుకునేవాళ్లకు. ఊరు చూడ్డానికి వెళ్లే నీకూ మరిదిగారికీ అవెందుకు?

దక్షిణపు కొసన చర్చ్‌గేట్, కాలాఘోడా, కొలాబా ఉన్నాయి. అక్కడ వెతుకు. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే సీఎస్ఎంటీ స్టేషన్‌లో దిగుతారు, అక్కణ్ణించి ఇవన్నీ దగ్గరే. పొద్దున్నే ఓవల్ మైదానానికి వెళ్లండి. ఒక వైపు హైకోర్టు, యూనివర్సిటీ, రాజాబాయి గడియార స్తంభం, అన్నీ గోథిక్ శిఖరాలు. ఎదురు వరసలో ఆర్ట్ డెకో మేడలు: మూలలు గుండ్రంగా తిరిగిన బాల్కనీలు, కిటికీల మీద గీత గీసినట్టున్న చూరులు. మధ్యలో పిల్లల క్రికెట్. మెరీన్ డ్రైవ్ మేడలతో సహా వీటన్నిటినీ 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. నువ్వు స్టైల్ స్టైల్ అంటున్నావే, అంతకన్నా స్టైలు ఏ లాబీలో దొరుకుతుంది చెప్పు!

ఈ పేటల్లో పాత భవనాల్లో నడిచే చిన్న హోటళ్లున్నాయి. నాకు అవే ఇష్టం. బుక్ చేసే ముందు ఫోన్ చేసి అడుగు: కిటికీ వీధి వైపా, వెనక గోడ వైపా? ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా? బాత్రూమ్ గదిలోనేనా? సముద్రం కనిపిస్తుందంటే, మంచం మీంచా, బాల్కనీలో మెడ సాచితేనా? వానాకాలమైతే చెమ్మ వాసన గురించి కూడా మొహమాటపడకుండా అడుగు.

గది రోజు అద్దె 7,500 రూపాయలు దాటిందంటే జీఎస్టీ 5 శాతం నుంచి 18కి పోతుంది. 7,400 గది పన్నుతో 7,770 అయితే, 7,600 గది 8,968 అవుతుంది. ఆ గీత దగ్గర బేరమాడితే తప్పులేదు.

తాజ్ హోటల్ మీద మనసు పడ్డావని తెలుసు. 1903లో తెరిచారు, ఎదురుగా ఉన్న గేట్‌వే ఆఫ్ ఇండియా కంటే పెద్దది వయసులో. మూడు రాత్రుల అద్దె అక్కడ పోయకుండా ఒక సాయంత్రం సీ లాంజ్‌లో టీ తాగి రండి.

కఫేలూ బట్టల కొట్లే ముఖ్యమనుకుంటే మాత్రం బాంద్రా వెస్ట్. హిల్ రోడ్డుకు దగ్గర్లోని రణ్వార్ సందుల్లో పాత పెంకుటిళ్లు ఇంకా ఉన్నాయి. అయితే పొద్దున జనమంతా దక్షిణానికే పోతుంటారు, బాంద్రా నుంచి చర్చ్‌గేట్ లోకల్ ఎక్కడం నీ వల్ల కాదు. పది దాటాక బయల్దేరండి. చర్చ్‌గేట్‌లో బస చేసి బాంద్రా చూడబోతే రైలు ఎదురు దిశలో కాస్త ఖాళీగా వస్తుంది. నేనైతే అదే చేస్తాను.

తారీఖులు ఖాయం కాగానే రెండు మూడు పేర్లు పంపు, ఏ వీధిలో ఉన్నాయో చూసి చెప్తాను.

ఆశీస్సులతో,
అక్క