కాలు చెప్పిన మాట ఇంజను విననప్పుడు

అల్ ఖువైర్ సర్వీసు రోడ్డు నుండి సుల్తాన్ ఖాబూస్ రహదారిలోనికి ప్రవేశించే ప్రతివారికీ ఒక క్షణం ఊపిరి బిగబట్టడం అలవాటే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు సాగుతుంది. ఆ వరుసలో ఖాళీ చూసుకొని యాక్సిలరేటరు నొక్కిన తరువాత, మన చిన్నకారు రెండు సెకన్లు తటపటాయించిందనుకోండి. ఈలోగా వెనుక బండి 56 మీటర్లు ముందుకు వచ్చేస్తుంది. వెనుక సీటులో పిల్లలను కూర్చోబెట్టుకొన్న వారికి ఈ లెక్క విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

"కారు మునుపటిలా లాగడం లేదు" అన్న మాట వేసవిలో మన ఇళ్ళలో తరచుగా వినబడుతుంది. విరుగుడుగా కొందరు ఖరీదైన పెట్రోలు పోయిస్తారు. కొందరు పెడలుకు తగిలించే ఎలక్ట్రానిక్ పరికరాలు కొంటారు. మరికొందరు కారునే అమ్ముకొంటారు. అంతకన్న ముందు, పోయిన చురుకుదనంలో ఎండ తీసుకొన్నదెంత, మురికి తీసుకొన్నదెంత అని విడదీసి చూడడం ఉచితం. మొదటిదానిని ఓర్చుకోవలసిందే. రెండవదానిని బాగుచేయించుకోవచ్చు.

పెడలు చేసే పని

యాక్సిలరేటరు నొక్కితే ఇంజనులోకి పెట్రోలు పోతుందని చాలామంది భావన. నిజానికి పెట్రోలు ఇంజనులో పెడలు శాసించేది గాలిని. గాలి వచ్చే దారిలో ఒక గుండ్రని పలక ఉంటుంది. దానినే థ్రాటిల్ అంటారు. అది తెరచుకొన్నకొద్దీ గాలి ఎక్కువగా వస్తుంది. వచ్చిన గాలికి తగినంత పెట్రోలు కలుస్తుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి.

1983లో విడుదలైన తొలి మారుతి 800లో పెడలుకూ ఈ పలకకూ మధ్య ఒక తీగ ఉండేది. కాలు కదిలితే పలక కదిలేది. నేటి కార్లలో చాలావాటికి ఆ తీగ లేదు. పెడలు దగ్గరి సెన్సరు "ఇంత నొక్కారు" అని కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు ఇంజను వేడిని, వేగాన్ని, గేరును బేరీజు వేసి, చిన్న మోటారు ద్వారా పలకను తిప్పుతుంది. కుదుపు లేకుండా ఉండాలనీ, పొగలోని కాలుష్యం తగ్గాలనీ ఈ తెరచుకోవడాన్ని తయారీదారులే కొంత నెమ్మది చేస్తారు. కాబట్టి కొన్ననాటి నుండీ ఉన్న స్వల్పమైన ఆలస్యం జబ్బు కాదు. నడుమ వచ్చిన ఆలస్యానికే కారణం వెదకాలి.

పెడలుకు తగిలించే పరికరం సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. అది కాలి సందేశాన్ని పెంచి చెబుతుంది; పావువంతు నొక్కితే సగం నొక్కినట్లు నమ్మిస్తుంది. ఇంజను శక్తిని మాత్రం రవ్వంత కూడా పెంచదు. పెడలు పూర్తిగా నొక్కినప్పుడు అది ఉన్నా లేకున్నా ఒకటే.

ఎండ తీసుకొనే సుంకం

1.2 లీటర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూ, థ్రాటిల్ పూర్తిగా తెరచి ఉంటే, నిమిషానికి సుమారు 1800 లీటర్ల గాలిని పీల్చగలదు. సముద్రమట్టంలో 15 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆ గాలి బరువు 2.2 కిలోలు, 45 డిగ్రీల వద్ద సుమారు 2 కిలోలు. పరిమాణం అదే అయినా బరువులో పదింట ఒక వంతు పోయింది. ఆ మేరకు మండే పెట్రోలు, పుట్టే శక్తి కూడా తగ్గుతాయి. మస్కట్ తీరపు ఉక్కపోతలో నీటి ఆవిరి మరి కొంత చోటు ఆక్రమిస్తుంది.

దీనికి తోడు, వేడిగాలితో కలిసిన పెట్రోలు అదుపు తప్పి మండి టకటకమని చప్పుడు చేసే ప్రమాదముంది. దీనిని నాకింగ్ అంటారు. దానిని నివారించడానికి కంప్యూటరు నిప్పురవ్వను కాస్త ఆలస్యంగా పుట్టిస్తుంది. శక్తి ఇంకా తగ్గుతుంది. కారు పుస్తకం 95 ఆక్టేన్ కావాలంటుంటే 91 పోయించడం ఇందుకే తగదు. పుస్తకం 91 చాలునంటే, 95 వలన చెప్పుకోదగిన మేలు సాధారణంగా ఉండదు. ఏసీ కంప్రెసరు కూడా ఇంజను శక్తితోనే తిరుగుతుంది. పెద్ద కారుకు లెక్కలోకి రాని ఆ భారం, చిన్న ఇంజను అప్పుడే కదలబోతున్న వేళ స్పష్టంగా తెలుస్తుంది.

మురికి తీసుకొనేది

నిందను ఎండపై మోపే ముందు చిన్న పరీక్ష చేయండి. ఒకే దారిలో, ఇంజను వేడెక్కిన తరువాత, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఏసీ వేసీ వేయకుండా నడిపి చూడండి. చల్లని వేళ చురుకుగా ఉండి మధ్యాహ్నమే మందగిస్తే చాలావరకు కారణం వాతావరణమే. రెండు వేళలా ఒకే తీరుగా మందగిస్తే లోపం కారులో ఉన్నట్లే.

అప్పుడు తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలి. టైర్లలో గాలి సరిపోయిందా, ఏ చక్రానికైనా బ్రేకు పట్టేస్తున్నదా చూడాలి. ఇసుకధూళి ఉన్న ఈ నేలలో ఎయిర్ ఫిల్టరును పుస్తకంలోని గడువుకన్న ముందే పరీక్షించాలి. ఆపై థ్రాటిల్ పలక. ఇంజనులోనుండి తిరిగి వచ్చే నూనె ఆవిరి దాని అంచుల్లో జిగురుగా పేరుకొంటుంది. మోటారుతో నడిచే పలకను చేతితో బలంగా తిప్పరాదు. శుభ్రం చేసిన పిమ్మట కొన్ని కార్లలో కంప్యూటరుకు దాని స్థానాన్ని తిరిగి నేర్పాలి. గాలిని కొలిచే సెన్సరు తీగ అతి సున్నితం. దానికోసం చేసిన ద్రవంతోనే కడగాలి. ఇవి సరిగా ఉంటే స్పార్కు ప్లగ్గులు, పెట్రోలు పంపు, క్లచ్చి లేక గేరుపెట్టె, పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టరు వరుసగా చూపించాలి. వేగం పెంచేకొద్దీ గొంతు నులిమినట్లుంటే కన్వర్టరును అనుమానించవచ్చు. డాష్‌బోర్డుపై ఇంజను దీపం వెలిగితే ఊహలు మాని, వాదీ కబీర్‌లోనో ఘాలాలోనో ఉన్న మెకానిక్కు చేత ముందుగా కంప్యూటరు సంకేతాన్ని చదివించండి. సంకేతం చదవకుండా భాగాలు మార్చడం, నాడి చూడకుండా మందివ్వడం వంటిది.

బాగుచేయించిన తరువాత కూడా ఎండ తన సుంకం తాను తీసుకొంటూనే ఉంటుంది. బౌషర్ నుండి అల్ అమరాత్‌కు కొండ ఎక్కేటప్పుడు, రహదారిలోకి చేరేటప్పుడు తక్కువ గేరులో ఉండడం, ఆ కొద్ది క్షణాలు ఏసీ ఆపడం మేలు చేస్తాయి. పెడలుకు ఇంజను హఠాత్తుగా బదులివ్వకపోతే హెచ్చరిక దీపాలు వేసి, అందరినీ కంగారు పెట్టకుండా రోడ్డు అంచుకు చేరండి. ఇక రహదారి అంచున ఖాళీకోసం నిలిచినప్పుడు, కారు కొత్తగా ఉన్ననాటి వేగాన్ని కాక, ఈ మధ్యాహ్నం అది ఇవ్వగల వేగాన్నే లెక్కలోకి తీసుకోండి. ఖాళీ చాలదనిపిస్తే తరువాతి దానికోసం ఆగండి. వెనుకవారు హారను కొడితే కొట్టనివ్వండి.