ఒంటరిగా హంపి వెళ్లబోయే అమ్మాయికి

బుజ్జీ,

నీ ఉత్తరం అందింది. డిసెంబరు సెలవుల్లో ఒక్కదానివే హంపి వెళ్లి రావాలనుందని, తలుచుకుంటేనే గుండె దడదడలాడుతోందని, ముందు ధైర్యం ఎలా తెచ్చుకోవాలో చెప్పమని రాశావు. అమ్మకు నన్ను నచ్చజెప్పమని కూడా అడిగావు. ఆ రెండో పని నేను చెయ్యను. మీ అమ్మ నా చెల్లెలే అయినా, ఆ మాట నీ నోటితో నువ్వే చెప్పాలి. తేదీలు, రైలు, దిగే చోటు ఒక కాగితం మీద రాసుకుని, ఆమె తీరిగ్గా ఉన్న వేళ చూసి కూర్చోబెట్టి చెప్పు. కాదంటుంది. రెండ్రోజులు ఆగి మళ్లీ చెప్పు. కన్నతల్లి ముందు గొంతు వణక్కుండా మాట్లాడగలిగినదానివి హంపికి రైలు దిగే హోసపేటలో ఆటో బేరమాడలేవా? నీ ప్రయాణం మొదలయ్యేది అక్కడే.

ఇక ధైర్యం సంగతి. అది ముందుగా రాదు తల్లీ. బయల్దేరే రోజు సాయంత్రం దాకా నీకు ఉండేది భయమే. మీ నాన్న స్టేషన్లో దింపి వెళ్లిపోయాక, నీ బోగీ ఎక్కడ ఆగుతుందో బోర్డు చూసి నువ్వే నడుచుకుంటూ పోయాక, నీ బెర్తు మీద కాళ్లు చాపుకుని కూర్చున్న పెద్దాయనతో "ఇది నాదండీ, కాస్త జరుగుతారా" అన్నాక, అప్పుడు కాస్త వస్తుంది. ఆ కాస్తతో తర్వాతి పని చేస్తావు. దాని వెనకాల ఇంకాస్త. నేను చూసినంతలో ధైర్యం ఇలా చిల్లరగానే కూడుతుంది. ఒక్కసారిగా ఎవరి చేతిలోనూ పడదు.

మన ఇళ్లలో పిల్లలకు ఆ చిల్లర కూడా చేతికివ్వం. నీకు పంతొమ్మిదేళ్లు. ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలో నాన్న చెప్పారు. ఏ కాలేజీయో బాబాయి చెప్పాడు. పండక్కి ఏ రంగు కట్టుకోవాలో అమ్మ చెప్పింది. ఇదంతా ప్రేమే, కాదనను. కానీ ఆకలేసినప్పుడు తినడం, అలిసినప్పుడు ఆగడం, నచ్చనిచోటు నుంచి లేచి వచ్చేయడం కూడా ఎవరినో అడిగి చేసే మనిషికి తానేమిటో తెలిసే సందర్భమే రాదు. ఒంటరి ప్రయాణం ఆ సందర్భాన్ని పొద్దున్నుంచి రాత్రిదాకా కల్పిస్తుంది. నేను దాన్ని విహారం కింద కాక చదువు కింద లెక్కవేస్తాను.

ప్రయాణమంటే భయం కొత్తదేం కాదు. కాశీకి పోతే కాటికి పోయినట్టే అనేవారు మన పెద్దలు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరినప్పుడు పల్లకీ, బోయీలు, గుడారాలు, పరివారం అన్నీ ఉన్నాయి. అక్కడి సుప్రీంకోర్టులో పెద్ద ఉద్యోగం ఆయనది. అయినా దారి పొడుగునా నదులు దాటడం, నీళ్లు దొరకడం, కొత్త చోట రోగాలు, అన్నీ గండాలే. 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరేదాకా దారిలో చూసినవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాస్తూనే ఉన్నారు. ఏ ఊళ్లో బియ్యం ఏమాత్రం దొరుకుతాయో, ఏ దారి ఎలా ఉందో కూడా వదల్లేదు. ఆ రాతలే కాశీయాత్ర చరిత్ర అయ్యాయి. మన రోజుల్లో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిత్రకళ బోధించిన ఆచార్య ఎం. ఆదినారాయణ గారు పరివారం మాట అటుంచి బండి కూడా లేకుండా కాలినడకన దేశం తిరిగారు. దారిలో ఊళ్లవాళ్లు పెట్టింది తిని, చోటిస్తే పడుకుని, 'భ్రమణ కాంక్ష' రాశారు. మీ లైబ్రరీలో ఉంటే హంపికి ముందే చదువు. పరిచయం లేని మనుషుల మీద నమ్మకం ఎలా ఉంచాలో ఆ పుస్తకంలో తెలుస్తుంది.

నేను హంపికి ఒంటరిగా వెళ్లింది సోషల్ టీచరుగా చేరిన కొత్తల్లో. తోడొస్తానన్న స్నేహితురాలు ఆఖరి నిమిషంలో రాలేనంది. టికెట్టు చేతిలో ఉంది. వెళ్లాను. హోసపేటలో మొదటి రాత్రి భోజనానికి హోటలుకెళితే సర్వరు "ఎష్టు జన?" అన్నాడు, ఎంతమంది అని. ఒక వేలు చూపించాను. అతను నా వెనక్కి చూశాడు, ఇంకెవరైనా వస్తున్నారేమోనని. ఎవరూ లేరు. పక్క బల్ల దగ్గరి కుటుంబం తినడం ఆపి నన్ను చూసింది. తలెత్తకుండా రెండు ముద్దలు మింగి లేచి పోదామనిపించింది. చపాతీ, కూర, అన్నం, సాంబారు వరసగా వచ్చాయి. ఎవరి కంచంలోకీ వంగి వడ్డించక్కర్లేదు, ఎవరూ లేవమనట్లేదు. మెల్లగా తిన్నాను. రెండోసారి సాంబారు అడిగి పోయించుకున్నాను. ఆ కుటుంబం ఎప్పుడు లేచి వెళ్లిందో కూడా గమనించలేదు. నీకు ఏ కొండ ఎక్కడంకన్నా ఆ మొదటి రాత్రి భోజనమే కష్టం. అది దాటితే సగం హంపి చూసినట్టే.

మర్నాడు హజారరామ ఆలయానికి వెళ్లాను. గుడి గోడల నిండా రామాయణం వరసలు వరసలుగా చెక్కి ఉంటుంది. అందరూ దాన్ని చూసి, నాలుగు ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. నన్ను తొందరపెట్టేవాళ్లు లేరు కాబట్టి ప్రాకారం బయటివైపు గోడ దగ్గర నిలబడిపోయాను. కింది నుంచి పైకి పట్టీలు పట్టీలుగా ఏనుగులు, గుర్రాలు, సైనికులు, నాట్యకత్తెలు, ఊరేగింపు సాగిపోతూనే ఉంటుంది. గుర్రాల దగ్గర ఎక్కువసేపు ఆగాను. ఒక్కో గుర్రాన్ని కళ్లెం పట్టుకుని నడిపిస్తున్న మనుషులు. విజయనగర సామ్రాజ్యానికి కావలసిన మేలుజాతి గుర్రాలు పుట్టింది ఇక్కడ కాదు. అరేబియా నుంచి ఓడల్లో పడమటి రేవులకు వచ్చేవి. మొదట అరబ్బులు, తర్వాత పోర్చుగీసులు ఆ వ్యాపారం చేశారు. ఇవన్నీ పాఠంలో ఒక వాక్యంగా చెప్పి ముందుకు పోయేదాన్ని. ఎండ నెత్తిమీదికొచ్చేదాకా ఆ గోడ ముందే ఉన్నాను. రాజుల యుద్ధాలకన్నా ఆ కళ్లెం పట్టుకున్నవాడి మీదే నాకు ఎక్కువ ఆసక్తి ఉందని ఆవేళ తెలిసింది. తిరిగొచ్చాక విజయనగరం పాఠం గుర్రాల వ్యాపారంతో మొదలుపెట్టి చెప్పడం అలవాటైంది. పదవీ విరమణ దాకా అలాగే చెప్పాను. గుంపులో వెళ్లి ఉంటే విఠల ఆలయం రాతిరథం దగ్గర ఫోటో దిగి వచ్చేసేదాన్ని.

తనను తాను తెలుసుకోవడమంటే పెద్ద పెద్ద మాటలేవో అక్కర్లేదు. నీకు ఏ గోడ ముందు కాళ్లు ఆగిపోతాయో తెలుసుకో, చాలు. అది గుర్రమే కానక్కర్లేదు. విరూపాక్షాలయంలో ఒక చీకటి గది ఉంది. చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుతురులో తూర్పు గోపురం నీడ గోడమీద తలకిందులుగా పడుతుంది. ఫిజిక్సు చదివే దానివి, నువ్వు అక్కడే ఆగిపోతావేమో.

ఇప్పుడు మీ అమ్మ భయం గురించి. దాన్ని కొట్టిపారెయ్యకు. 2025 మార్చిలో హంపికి ఏటి అవతల, సణాపుర దగ్గర కాలువ గట్టున రాత్రిపూట నక్షత్రాలు చూస్తూ కూర్చున్నవాళ్ల మీద దుర్మార్గులు దాడి చేశారు. ఇద్దరు ఆడవాళ్లపై అత్యాచారం జరిగింది, కాలువలోకి తోసేసిన ఒక యువకుడు చనిపోయాడు. మీ అమ్మ ఆ వార్త చదివే ఉంటుంది. తప్పు పూర్తిగా ఆ నేరం చేసినవాళ్లది. చుక్కలు చూడ్డానికి కూర్చోవడం ఎవరికీ నేరం కాదు. అయితే వాళ్లు ఒంటరిగా లేరు, ఐదుగురున్నారు. తోడుంటే చాలు అన్న నమ్మకం అన్నిచోట్లా నిలబడదు. వేళ, చోటు, చుట్టుపక్కల జనం, ఇవి చూసుకోవాలి. నీకు నేను పెట్టే కట్టుబాటు ఒకటే: చీకటి పడేసరికి బసలో ఉండు. మాతంగ కొండ మీంచి సూర్యోదయం చాలా గొప్పగా ఉంటుందని అందరూ చెబుతారు. నిజమే, కానీ ఆ చీకట్లో ఒక్కదానివే ఎక్కకు. అదే బసలో దిగిన కుటుంబమేదైనా వెళుతుంటే కలిసి వెళ్లు, లేకపోతే పొద్దెక్కాక హేమకూటం గుట్ట ఎక్కు. అదీ తక్కువది కాదు. దారి నిర్మానుష్యంగా ఉంటే, మనసు వద్దంటే, సగంలోంచైనా తిరిగి వచ్చెయ్. తిరిగి రావడాన్ని పిరికితనమనేవాళ్ల మాట వినకు. ఎక్కడ ఆగాలో తేల్చుకోగలిగిన మనిషినే నేను ధైర్యస్తురాలంటాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. హుబ్బళ్లి వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ విజయవాడలో రాత్రికి ఎక్కితే నంద్యాల, గుంతకల్లు, బళ్లారి మీదుగా పొద్దున హోసపేటలో దింపుతుంది. అక్కణ్నుంచి హంపి 13 కిలోమీటర్లు, బస్సులున్నాయి. కన్నడ బోర్డులు చూసి బెదరకు, మన అక్షరాలు వచ్చినవాళ్లు కూడబలుక్కుని చదివెయ్యొచ్చు. ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవాళ్లూ బాగా ఉంటారు. రైల్లో ఇబ్బందైతే 139, ఎక్కడైనా ఆపదైతే 112. డబ్బు రెండు చోట్ల పెట్టుకో. ఎక్కడ దిగావో దారిలో కలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. "ఒక్కదానివేనా అమ్మా?" అని ఎవరైనా అడిగితే "మావాళ్లు వెనక వస్తున్నారు" అను. ఆ అబద్ధానికి పాపం లేదు. ఎవరైనా ఏదైనా తినమనో, బండెక్కమనో బలవంతం చేస్తే కారణం చెప్పుకోకుండా వద్దను. మొహమాటం మనకు చిన్నప్పుడే నూరిపోస్తారు, దాన్ని ఇంట్లో వదిలి వెళ్లు.

ఫోను గురించి ఒక్కమాట. నువ్వెక్కడున్నావో అమ్మకు లొకేషను పంపించు, ఆమె నిద్రపోవాలి కదా. రాత్రి ఒకసారి మాట్లాడు. కానీ ఏ హోటల్లో తినను, ఏ గుడి ముందు చూడను, ఆటోకి ఎంతివ్వను అని గంటగంటకీ ఫోను చేశావంటే నువ్వు ఇల్లు కదిలినట్టే కాదు. తప్పు నిర్ణయం తీసుకుంటే తీసుకో. ఆటోకి యాభై రూపాయలు ఎక్కువిస్తావు, అంతేగా.

హంపికి ముందు ఒక చిన్న పని చెయ్యి. మీ పక్కనే కృష్ణాజిల్లాలో, కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం అనే ఊరుంది. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, ఘంటసాల దగ్గరిది. అక్కడ ఆంధ్ర మహావిష్ణువు గుడి. కళింగ దండయాత్రకు పోతూ కృష్ణదేవరాయలు అక్కడ ఆగాడు. ఏకాదశి ఉపవాసం ఉన్న ఆ రాత్రి స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడని ఆముక్తమాల్యదలో ఆయనే చెప్పుకున్నాడు. హంపిలో రాయల్ని చూడబోయే విజయవాడ పిల్ల మొదట చూడాల్సింది ఆ గుడే. పైగా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్లకు టికెట్టు డబ్బు లేదు. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. ఎవరి చేతిలో డబ్బూ అడక్కుండా ఒక ఆడపిల్ల బస్సెక్కగలగడం నీ వయసులో నాకు ఊహకైనా అందని సంగతి. దాన్ని ఊరికే పోనివ్వకు. ఏ బస్సో, ఎక్కడ మారాలో నేను రాయను. బస్టాండులో విచారణ కౌంటరు దగ్గర నిలబడి అడుగు. ఒకరు చెప్పింది అర్థం కాకపోతే ఇంకొకరిని అడుగు. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంట్లో ఉండు. ఆ రోజు చూసి మీ అమ్మ సగం మెత్తబడుతుంది.

రైల్వే వాళ్లు 60 రోజుల ముందు రిజర్వేషను తెరుస్తారు. డిసెంబరు సెలవుల్లో బెర్తులు ఎక్కువ రోజులు మిగలవు. అమ్మతో మాట్లాడేసి, తేదీ తెరిచిన పొద్దునే టికెట్టు తీసుకో. వచ్చే టికెట్టు కూడా దాని తేదీ తెరిచిన పొద్దునే తియ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మ