సాలీళ్లను పట్టు కందిరీగలు: వాటి తెగలు

పొలము గట్టుపై నల్లని కందిరీగ యొకటి రెక్కలు అల్లార్చుచు, మీసము లాడించుచు అటునిటు పరుగులిడుట రైతు సోదరులు చూచియే యుందురు. కొంతసేపటికి అది తనకంటె పెద్ద సాలీడును పట్టి, వెనుకకు నడచుచు ఈడ్చుకొని పోవును. వరిలో సుడిదోమను తిను సాలీళ్లు మనకు మిత్రులు గదా, మరి వాటిని పట్టు ఈ కందిరీగ శత్రువగునా అను సందేహము కలుగుట సహజము. జవాబు చెప్పుటకు ముందు దీనిని సరిగా గుర్తింపవలెను.

ఇంటి గోడలపై మట్టిగూళ్లు కట్టునట్టి, దారమువంటి నడుము గల కందిరీగ వేరొక కుటుంబమునకు చెందినది. అది ఒక్కొక్క మట్టిగదిలో చిన్న సాలీళ్లను అనేకము కూరును. గట్టుపై పరుగెత్తునది పాంపిలిడే అను కుటుంబములోనిది. దీని వెనుక కాళ్లు పొడవైనవి, ముండ్లు కలవి. భూతద్దముతో చూచిన, రొమ్ము ప్రక్కభాగమును అడ్డముగా రెండుగా విభజించు తిన్నని గాడి కనబడును. శాస్త్రజ్ఞులకు ఇదియే ముఖ్యమైన గుర్తు. రైతునకు అంతకంటె సులభమైన గుర్తు వేరొకటి కలదు: ఈ కుటుంబములో గుడ్డు ఒకటికి సాలీడు ఒక్కటే.

కొండితో పొడిచినపుడు సాలీడు చావదు, కదలలేక పడియుండును. కందిరీగ దానిపై గుడ్డు పెట్టి గూడు మూసివేయును. పిల్లపురుగు ఆ మేతను తిని పెరిగి కందిరీగయై వెలువడును. గూటిలో పెట్టిన పురుగే భ్రమరమగునని మన పెద్దలు భ్రమరకీటక న్యాయము చెప్పుటకు ఇట్టి దృశ్యములే కారణమై యుండును.

ఈ కుటుంబమున సుమారు 5,000 జాతులు కలవు. 2015లో ప్రకటింపబడిన జన్యు పరిశోధన వీనిని ఐదు ఉపకుటుంబములుగా విభజించినది. నేల త్రవ్వి గూడు చేయునవి ఎక్కువగా పాంపిలినే లోనివి. పెప్సినే లో కొన్ని మట్టితో గదులు కట్టును. ఇవి మోతకు అడ్డమని సాలీడు కాళ్లను ముందే కొరికివేయును! సెరోపాలినే వారిది దొంగబ్రతుకు. వేరొక కందిరీగ ఈడ్చుకొనిపోవు సాలీడు శ్వాసరంధ్రములో తమ గుడ్డు దూర్చిపెట్టును. టెనోసెరినే, నోటోసిఫినే అనునవి చిన్న తెగలు. రెండవది అమెరికా ఖండములది. అయితే పాంపిలినే లోను పరుల గూళ్లు త్రవ్వి, అందలి గుడ్డు తిని, తమ గుడ్డు పెట్టునవి కలవు. కావున నడవడిని మాత్రమే చూచి తెగను నిర్ణయింపరాదు.

ఇక మొదటి సందేహము. ఒక్కొక్క సాలీడునకు ఒక్కొక్క గూడు సిద్ధపరచు ఈ కందిరీగ పొలములోని సాలీళ్లను తుడిచిపెట్టజాలదు. విచక్షణ లేక చల్లిన పురుగుమందు ఆ పని చేయును. తరువాత సుడిదోమ మరింత విజృంభించును. కనుక గట్లలోని కందిరీగ బొరియలను పూడ్చబోకుడు. మందు చల్లుటకు ముందు వరి దుబ్బుల మొదళ్లు విడదీసి దోమలను, సాలీళ్లను రెంటిని లెక్కించుడు.