కలబందా? కిత్తనారా?

పిల్లలూ! నేను ఏడో తరగతి చదివేటప్పుడు జరిగిన సంగతి ఇది. మా ఊళ్లో బడి వెనుకగా రైలు కట్ట ఉండేది. కట్ట పొడవునా, కొసన ముల్లున్న బారెడేసి మట్టలతో ఏవో మొక్కలు వరుసగా పెరిగి ఉండేవి. మేమంతా వాటిని కలబంద అనేవాళ్లం. ఒకనాడు మా స్నేహితుడికి చెయ్యి కాలింది. కాలినచోట కలబంద గుజ్జు రాస్తే చల్లగా ఉంటుందని వాళ్ల నాయనమ్మ అంటూ ఉండగా విన్నాడు. ఇంకేం! కట్ట దగ్గరికి పరుగెత్తి, ఒక మట్ట కోసి, దాని పసరు చేతినిండా పులుముకున్నాడు. చల్లబడటం మాట అటుంచి, కాసేపటికే మోచేతిదాకా ఎర్రటి దద్దుర్లు లేచాయి. దురద, మంట మూడు రోజులు వదలలేదు. పాపం, అందరూ నాయనమ్మనే తప్పుపట్టారు. కాని వాడు కోసుకొచ్చింది కలబంద కాదు, కిత్తనార!

ఈ పొరపాటు మా ఊరికే పరిమితం కాదు. ఇంగ్లీషువాళ్లు కూడా కిత్తనారను చాలాకాలం ‘అమెరికా ఆలో’ అని, అంటే అమెరికా కలబంద అని పిలిచారు. మన పల్లెల్లో దానికి రాకాసి మట్టలు అనే పేరు కూడా ఉంది. నన్నడిగితే ఇదే తగిన పేరు. పేరు వినగానే జాగ్రత్తపడతాం గదా!

నిజానికి ఈ రెండు మొక్కలకూ దగ్గరి చుట్టరికం లేదు. కలబంద పుట్టిల్లు అరేబియా ప్రాంతం. శాస్త్రజ్ఞులు దాన్ని ‘అలో వెరా’ అంటారు. కిత్తనార మెక్సికో నుంచి వచ్చింది. అందులో చాలా రకాలున్నాయి. వాటన్నిటికీ ‘అగేవ్’ అని పేరు. ఇప్పటి వర్గీకరణ ప్రకారం కిత్తనారను, మన పిల్లితీగను ఒకే కుటుంబంలో చేర్చారు. కలబంద కుటుంబం వేరు.

మరి ఇంత దూరపు మొక్కలు ఒకే పోలికతో ఎందుకున్నాయి? రెండూ నీళ్లు కరువైన నేలల్లో పుట్టినవే. చేతికందిన నీటిని దాచుకోవాలంటే ఆకులు దళసరిగా ఉండాలి. దాచింది ఆవిరైపోకుండా పైన మైనపు పూత కావాలి. ఇంతవరకూ చూస్తే తెలుస్తుంది. ఇక కంటికి కనబడని పని ఒకటుంది.

మొక్కలు ఆహారం తయారు చేసుకోవడానికి బొగ్గుపులుసు వాయువును పత్రరంధ్రాల ద్వారా పీల్చుకుంటాయని మీరు చదువుకున్నారు. మామిడి, వేప లాంటివి ఆ రంధ్రాలను పగలు తెరుస్తాయి. ఎండలో తలుపులు తెరిస్తే గాలి లోపలికి వచ్చేలోగా నీరు బయటికి పోతుంది. కలబంద, కిత్తనార ఇక్కడే తెలివి చూపాయి. ఎండవేళ తలుపులు మూసుకొని, చల్లబడ్డాక రాత్రి తెరుస్తాయి. అప్పుడు పీల్చిన వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. తెల్లవారి ఎండ రాగానే ఆ ఆమ్లంలోని వాయువును విడదీసి కిరణజన్య సంయోగక్రియ జరుపుకుంటాయి. అందుచేత ఇలాంటి మొక్కల ఆకుల్లో పులుపు తెల్లవారుజామున ఎక్కువగా, సాయంత్రం తక్కువగా ఉంటుంది.

ఈ పులుపు సంగతి గమనించినవారిలో ఒకాయనకు మన సామర్లకోటతో సంబంధం ఉంది. ఆయన పేరు బెంజమిన్ హైన్. ఈస్టిండియా కంపెనీ సామర్లకోటలో పెంచిన మొక్కల తోటను ఆయన కొంతకాలం చూశాడు. రణపాల ఆకును పొద్దున నమిలితే పుల్లగా, మధ్యాహ్నం చప్పగా, సాయంత్రం చేదుగా ఉన్నదని ఆయన 1813లో లండనులోని లిన్నేయన్ సొసైటీకి ఉత్తరం రాశాడు. కారణం ఏమిటన్నది ఆయన కాలంలో ఎవరికీ అంతుపట్టలేదు. మీరు మాత్రం నమిలి చూడకండి, రణపాలలో విషపదార్థాలు ఉన్నాయి.

ఇక ఆకు లోపలికి వద్దాం. కలబంద మట్టను అడ్డంగా కోస్తే మొదట పచ్చతొక్క కింది నుంచి పసుపు రంగు రసం కారుతుంది. కటిక చేదు. దీన్ని ఎండబెట్టినదే మూలికల దుకాణంలో అమ్మే ముసాంబరం. కడుపులోకి వెళితే విరేచనాలు పట్టుకుంటాయి. ఆ రసం కారిపోయాక మధ్యలో అద్దంలాంటి గుజ్జు కనబడుతుంది. నూటికి తొంభై ఎనిమిది పాళ్లు అందులో నీరే! చర్మానికి రాసేది ఈ గుజ్జునే. అయినా చెయ్యి కాలితే మొదట చేయవలసింది చల్లటి మంచినీటి ధార కింద చాలాసేపు ఉంచడం. గుజ్జు సంగతి తరువాత.

కిత్తనార మట్ట తీరు వేరు. దాని నిండా పొడుగాటి గట్టి నారపోగులుంటాయి. మట్టను చితకగొట్టి, గీకి, కడిగి ఆరబెడితే తాళ్లకు, పగ్గాలకు పనికివచ్చే తెల్లటి నార వస్తుంది. ‘సిసల్’ అనే రకం ఇందుకు పేరుపొందింది. సిసల్ అన్నది మెక్సికోలో ఒక రేవు పేరు. నైలాను తాళ్లు వచ్చాక ఈ నారకు గిరాకీ తగ్గింది. పసరులో మాత్రం కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. ఒక్కొక్కటీ సూదిలాగా ఉండి చర్మంలో గుచ్చుకుంటుంది. మా వాడి చేతిమీద దద్దుర్లు ఈ సూదుల చలవే.

కొయ్యకుండానే పోల్చుకోవాలంటే మట్ట కొస చూడండి. కిత్తనార కొసన నల్లటి గట్టి ముల్లు ఉంటుంది, కంట్లో గుచ్చుకుంటే ప్రమాదం. కలబంద కొస మెత్తగా ఉంటుంది. అంచుల ముళ్లను నమ్ముకోవద్దు. అవి కలబందకూ ఉన్నాయి, సిసల్ రకానికి చాలావరకు ఉండవు.

కలబందను కుండీలోనే పెంచవచ్చు. తల్లి మొక్క పక్కన వచ్చిన పిలకను తీసి, ఇసుక కలిపిన మట్టిలో నాటండి. కుండీ అడుగున రంధ్రం తప్పక ఉండాలి. మట్టి పూర్తిగా ఆరాకనే మళ్లీ నీరు పొయ్యండి. ప్రేమకొద్దీ రోజూ పోస్తే వేళ్లు కుళ్లిపోతాయి. కిత్తనారకు కుండీ చాలదు. ఎండ నిండుగా పడే గులకనేల అయితే అదే పెరుగుతుంది. పొలం కంచెకు బాగుంటుంది గాని, మీరు ఆడుకునే చోట నాటవద్దు.

కలబంద పెద్దదయ్యాక ఏటా పసుపుపచ్చని పూలగెల వేస్తుంది. కిత్తనార జన్మలో ఒక్కసారే పూస్తుంది. సిసల్ రకానికి అందుకు దాదాపు పదేళ్లు పడుతుంది. అప్పుడు మొక్క నడుమ నుంచి ఇంటికప్పును మించిన ఎత్తుకు ఒక స్తంభం లేస్తుంది. పూలు రాలిన కొమ్మల మీదే చిట్టి మొక్కలు పుడతాయి. వీటిని లఘులశునాలు అంటారు. వేలకొద్దీ కింద రాలి వేళ్లు తొడుగుతాయి. ఈసారి రైల్లో వెళ్లేటప్పుడు అలాంటి స్తంభం కనబడితే దాని అడుగున చూడండి. ఉన్న నీరంతా, ఆహారమంతా స్తంభానికి ఇచ్చివేసి, తల్లి మట్టలు వాడిపోతూ ఉంటాయి.