మొక్కజొన్న బేరానికి పెట్రోలు లెక్క

చమురు ధర పెరిగితే లారీ కిరాయి పెరుగుతుందని వర్తకులెరుగుదురు. చమురుకు ప్రత్యామ్నాయం వెతికినా సరకుల ధర కదులుతుంది. 1973–74లో ముడి చమురు పీపా సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దరిదాపులకు ఎగబాకగా, 1975లో బ్రెజిల్ చెరకు ఆల్కహాలుకు మళ్లింది. మన పెట్రోలులో ఇథనాల్ 2025లో 20 శాతానికి చేరింది. 2023 డిసెంబరులో చెరకు రసంపై కేంద్రం ఆంక్షలు పెట్టిన పిమ్మట మొక్కజొన్నకు గిరాకీ హెచ్చింది.

కోళ్ల దాణా గిరాకీ ఒక్కటే చూసి నిలవ చేయడం చాలదు. అట్లని ముడి చమురు ఎగిరినప్పుడల్లా ఎగబడనూ రాదు. ఇథనాల్ కొనుగోలు ధర ముందుగా ప్రకటించినదే. క్వింటాలు మొక్కజొన్నకు సుమారు 38 లీటర్లు దిగుతుంది. ఆ ధరను 38తో హెచ్చవేసి, పిప్పి అమ్మకం కలిపి (అదీ తిరిగి దాణాలోకే పోతుంది), తయారీ ఖర్చు తీసివేస్తే డిస్టిలరీ ఎంతవరకు పాడగలదో తేలుతుంది.